దెయ్యం మాట్లాడే భాష

2005 ఏప్రిల్‌లో తమిళ ‘చంద్రముఖి’ విడుదలయినప్పుడు మా మనవరాలికి ఎనిమిదేళ్లు. ఇంటిల్లిపాదీ మింజూరు స్టేషనులో లోకల్ రైలెక్కి మద్రాసు వెళ్లి చూశాం. (చెన్నై అనడం నాకింకా అలవాటు కాలేదు, పాఠకులు మన్నించాలి.) తెరమీద గంగ కళ్లు పెద్దవి చేసి తెలుగులో మాట్లాడడం మొదలుపెట్టగానే హాలంతా బిక్కచచ్చిపోయింది. నా పక్క సీట్లో కూర్చున్న పెద్దాయన “ఏం చెబుతోందండీ?” అని తమిళంలో అడిగాడు. నేను అర్థం చెప్పాను. అంత పెద్ద హాల్లో దెయ్యం మాట అర్థమయింది మా కుటుంబానికే గదా అని లోలోపల కాస్త గర్వపడ్డాను కూడా.

వారం తిరక్కుండానే ఆ గర్వం దిగిపోయింది. వీధిలో ఆడుకుంటున్న మా పిల్లను వాళ్లమ్మ తెలుగులో పిలిచింది. పిల్ల తెలుగులోనే పలికింది. తోటి పిల్లలు “చంద్రముఖీ, చంద్రముఖీ” అని అరుచుకుంటూ పారిపోయారు. వాళ్లకది ఆట. మా పిల్లకు మాత్రం ఆట కాలేదు. ఆ రోజునుంచి గడప దాటితే తెలుగు మాట్లాడడం మానేసింది. ఎందుకమ్మా అంటే, “అది దెయ్యం మాట తాతా” అంది.

ఆ మాటకు అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఏదో సర్దిచెప్పాను గాని అది నా మనసులోంచి పోలేదు. తర్వాత్తర్వాత పాత సినిమాలు మళ్లీ చూస్తూ, వాటి కథాకమామీషు తెలుసుకుంటూ జవాబు వెతుక్కున్నాను. ఈ వ్యాసం ఆ వెతుకులాటే. నేను సినిమా పండితుణ్ణి కాను. దెయ్యాల సినిమాలంటే ఇష్టం. జనం ‘అవార్డు సినిమాలు’ అని పక్కన పెట్టేవన్నా ఇష్టమే. ఈ రెండూ ఒకే మనిషికి ఎలా నచ్చుతాయని మిత్రులు ఎగతాళి చేస్తుంటారు. వాళ్లకు కూడా ఇందులో సమాధానం దొరకవచ్చు.

ముందు మా ఊరి సంగతి. మింజూరును ‘వడకాంచి’ అంటారు, అంటే ఉత్తర కంచి. కంచిలో ఉన్నట్టే ఇక్కడా ఏకాంబరేశ్వరుడూ వరదరాజ పెరుమాళ్లూ ఉన్నారు. ఊరు దాటి తూర్పుగా పోతే ఎన్నూరు వైపు ఉప్పుమడులు, చిత్తడి నేలలు, ఆపైన సముద్రం. మా చిన్నతనంలో రాత్రిపూట ఆ వైపు అప్పుడప్పుడూ మంటలు కనిపించి మాయమవుతాయని చెప్పుకునేవారు. అవి కొరివి దెయ్యాలని మా అవ్వ చెప్పేది. పక్కింటి తమిళ పాటి వాటినే ‘కొళ్లివాయ్ పిశాసు’ అనేది. కొళ్లి అన్నా కొరివి అన్నా కాలుతున్న కట్టే. నోట కొరివి పెట్టుకుని తిరిగే దెయ్యమన్నమాట. చిత్తడి నేలల్లోంచి వచ్చే వాయువు వల్ల అలాంటి వెలుగులు పుడతాయని తర్వాత బళ్లో చదువుకున్నాను. అయితే నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉండేది మరొకటి. ఆ ఇద్దరు ముసలమ్మలకూ ఒకరి భాష ఒకరికి సగమే వచ్చు. దెయ్యం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇద్దరిదీ ఒకే మాట, ఒకే భయం. దెయ్యం అప్పటికింకా రెండు భాషల ఉమ్మడి ఆస్తి.

సినిమా కూడా అంతే. 1931 అక్టోబరు 31న మద్రాసు కినిమా సెంట్రల్‌లో విడుదలయిన ‘కాళిదాస్’ను తమిళులు తమ మొదటి టాకీ అంటారు. తీసింది హెచ్.ఎం. రెడ్డి. అందులో నాయిక టి.పి. రాజలక్ష్మి తమిళంలో మాట్లాడితే నాయకుడు తెలుగులో బదులు చెబుతాడు. చూసినవాళ్లకు అది వింతగా తోచి ఉంటుందేమో గాని, మా వీధిలో అది రోజూ జరిగే సంభాషణే. అంతకుముందే, 1914 ప్రాంతంలో, మద్రాసులో గెయిటీ అనే సినిమా హాలు కట్టిన రఘుపతి వెంకయ్య తెలుగువాడు. ఆ తర్వాత వాహినీ, విజయా సంస్థలు వడపళనిలో వెలిశాయి. తెలుగు సినిమా అర్ధశతాబ్దం పాటు పుట్టి పెరిగింది మద్రాసులోనే. ఆ స్టూడియోల చోట ఇప్పుడు ఆసుపత్రీ, పెద్ద అంగడి సముదాయమూ ఉన్నాయి.

నేను మొదట చూసిన మాయల సినిమా ‘పాతాళభైరవి’. 1951లో కె.వి. రెడ్డి దాన్ని తెలుగులోనూ తమిళంలోనూ తీశారు. మా ఊరి టెంటు హాలుకు వచ్చింది తమిళ ప్రతి. టెంటు హాలంటే ఈ తరం పిల్లలకు తెలియదు. పగలు వెలుతురు లోపలికి వస్తుంది గనక చీకటి పడితేనే ఆట. నేల టిక్కెట్టువాళ్లు ఇసుక కుప్పగా పోసుకుని దానిమీద కూర్చునేవారు. వెనక బెంచీలు, ఆ వెనక కుర్చీలు. ఒక్కటే ప్రొజెక్టరు గనక రీలు మారినప్పుడల్లా ఆట ఆగేది. మంత్రగాడుగా ఎస్.వి. రంగారావు కళ్లెర్రజేసే చోట రీలు అయిపోతే, మళ్లీ బొమ్మ పడేదాకా చీకట్లో మా అవ్వ కొంగు పట్టుకుని కూర్చునేవాణ్ణి. అసలు సినిమాకన్నా ఆ రెండు నిమిషాల చీకటే ఎక్కువ భయపెట్టేది. దెయ్యాల సినిమాలు తీసేవాళ్లంతా తెలుసుకోవలసిన రహస్యం ఆ టెంటు హాలే నాకు నేర్పింది. చూపించినదానికన్నా చూపించనిదానికే మనిషి ఎక్కువ భయపడతాడు.

ఇదే ‘పాతాళభైరవి’ని 1952లో మన దేశంలో జరిగిన తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శించారు. బొంబాయిలో మొదలైన ఆ ఉత్సవం మద్రాసుకూ వచ్చింది. జపాను ‘రషోమాన్’, ఇటలీ ‘బైసికిల్ థీవ్స్’ మన దేశంలో ఎంతోమంది మొదటిసారి చూసింది అప్పుడే. అంటే కళాచిత్రాలకు పీట వేసిన పందిట్లోనే మన తోటరాముడికీ మాంత్రికుడికీ చోటు దొరికింది. జనం సినిమా, కళా సినిమా అని గీత గీసింది తర్వాతివాళ్లే. రెండేళ్లకు, 1954లో, వీణ ఎస్. బాలచందర్ తమిళంలో ‘అంద నాళ్’ తీశారు. అందులో ఒక్క పాటా లేదు. ఒకే హత్యను ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. ఆయన ఆ తర్వాత ‘బొమ్మై’, ‘నడు ఇరవిల్’ వంటి భయపెట్టే సినిమాలు కూడా తీశారు. ఆయన దృష్టిలోనూ ఆ గీత ఉన్నట్టు లేదు.

దెయ్యాల సినిమా అనగానే తెలుగువాడి నోట వచ్చే పేరు బి. విఠలాచార్య. ఉడిపి దగ్గరి ఉద్యావరలో 1920లో పుట్టిన కన్నడిగుడు. మద్రాసులో ఉండి తెలుగులో జానపద బ్రహ్మ అనిపించుకున్నారు. 1999లో కన్నుమూశారు. ‘బందిపోటు’, ‘అగ్గి పిడుగు’, ‘లక్ష్మీ కటాక్షం’ వంటివి ఎన్ని తీసినా, మా ప్రాంతంలో ఆయన పేరు నిలబెట్టింది 1978 నాటి ‘జగన్మోహిని’. నరసింహరాజు, ప్రభ, జయమాలిని నటించారు. తమిళంలోకి డబ్బింగ్ చేస్తే ఇక్కడా విరగబడి చూశారు. 2009లో అదే పేరుతో తమిళంలో మళ్లీ తీశారు గాని ఆ మొదటి రుచి రాలేదని నా అభిప్రాయం.

అందులో దెయ్యం వంట చేసే ఘట్టం చూసినవాళ్లెవరూ మరిచిపోరు. పొయ్యిలో కట్టెలకు బదులు తన కాళ్లే పెట్టి మంట వేస్తుంది. హాలంతా ఒకేసారి కెవ్వుమంటుంది, ఆ వెంటనే నవ్వుతుంది. ఎనభై ఏళ్ల మా అవ్వ మాత్రం నవ్వలేదు. ఇంటికొచ్చాక “కోడలి బతుకంతా అదేగదా నాయనా, కాళ్లు కాలబెట్టుకుని వంట చెయ్యడం” అంది. ఆ సినిమా మీద నేను విన్న విమర్శల్లో అంత గొప్పది మరొకటి లేదు.

పడమటి దేశాల్లో ‘కల్ట్ సినిమా’ అంటారు. 1975లో వచ్చిన ‘రాకీ హారర్ పిక్చర్ షో’ మొదట ఆడలేదు. మరుసటి ఏడు న్యూయార్కులో అర్ధరాత్రి ఆటలుగా వేస్తే, జనం వేషాలు కట్టుకొచ్చి, తెరతో పాటు తామూ మాటలు అప్పజెబుతూ ఏళ్ల తరబడి చూశారు. పండితులు వద్దన్నా ఒక గుంపు గుండెల్లో పెట్టుకున్న సినిమా అన్నమాట. ఆ లెక్కన విఠలాచార్య సినిమాలు మన కల్ట్ సినిమాలే. ఊరూరి టెంటు హాళ్లలో పదే పదే తిరిగొచ్చిన వాటిని మావాళ్లు మాటామాటా అప్పజెబుతూ చూసేవారు. అక్షరం రాని మా బంధువుల్లో కొందరికి గ్రాంథికపు తెలుగు మాటలు అబ్బింది ఆ మాంత్రికుల దగ్గరే. ఈ ఉపకారాన్ని మన భాషా చరిత్ర రాసేవాళ్లు ఎక్కడా నమోదు చేసినట్టు లేదు.

ఇప్పుడు అవార్డు సినిమాల సంగతి. 1966లో జగ్గయ్య, జయలలిత నటించిన ‘ఆమె ఎవరు?’ వచ్చింది. హిందీ ‘ఓ కౌన్ థీ?’కి తెలుగు రూపం. తెల్లచీర, వానరాత్రి, దెయ్యమో మనిషో తెలియని ఆడమనిషి. దర్శకుడు బి.ఎస్. నారాయణ. పదమూడేళ్ల తర్వాత, 1979లో, ఈ నారాయణే ‘నిమజ్జనం’ తీశారు. చితాభస్మం నిమజ్జనం చెయ్యడానికి బండిలో బయలుదేరిన దంపతుల కథ. దారిలో ఆ ఇల్లాలిమీద అత్యాచారం జరుగుతుంది. ఆమెగా నటించిన శారదకు అది మూడోసారి జాతీయ ఉత్తమ నటి బహుమతి తెచ్చిపెట్టింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. దెయ్యమని అనుమానించిన ఆడది ఒకచోట, నోరు విప్పి చెప్పుకోలేని ఆడది ఇంకొకచోట. తీసిన చెయ్యి ఒకటే.

1970లో ‘సంస్కార’ తీసిన పఠాభి కూడా మనవాడే. నెల్లూరువాడు, ‘ఫిడేలు రాగాల డజన్’ కవి తిక్కవరపు పట్టాభిరామరెడ్డి. మద్రాసులో ఉండగా అనంతమూర్తి నవలను కన్నడంలో సినిమాగా తీస్తే, మద్రాసు సెన్సారు వారు మొదట అనుమతి నిరాకరించారు. కులం గురించి అంత సూటిగా మాట్లాడితే గొడవలొస్తాయని వారి భయం. తర్వాత ఢిల్లీ జోక్యంతో విడుదలై, ఆ ఏటి దేశపు ఉత్తమ చిత్రంగా జాతీయ బహుమతి అందుకుంది. ఆ కథ కూడా ఒక శవం చుట్టూ తిరుగుతుంది. అగ్రహారం నడిమధ్యన దహనం కాని శవం. సంస్కారం చెయ్యడానికి ఎవరూ ముందుకు రారు. నన్నడిగితే దానికన్నా భయంకరమైన దెయ్యం సినిమా ఇంకొకటి లేదు. దెయ్యం కనిపించదు, అంతే తేడా.

అలాగే 1977లో బెంగాలీ మృణాళ్ సేన్ తెలుగు రాకపోయినా ప్రేమ్‌చంద్ ‘కఫన్’ కథను ‘ఒక ఊరి కథ’గా తెలుగులో తీశారు. ఆ కాలంలోనే శ్యామ్ బెనెగల్ ఒక మరాఠీ నవల ఆధారంగా ‘అనుగ్రహం’ తీశారు. ఒక యువకుడికి స్వామి వరమిస్తాడు. బదులుగా బ్రహ్మచర్యం పాటించాలి. ఆ వరం అతని ఇంటినే కాలుస్తుంది. స్వామి నిజమా, అతని భ్రమా అని సినిమా చివరికీ తేల్చదు. దెయ్యాల సినిమాలు ఇష్టపడేవాళ్లు అవార్డు సినిమా అని భయపడకుండా దీన్నొకసారి చూడాలి. 1992లో రామ్‌గోపాల్ వర్మ ‘రాత్రి’ తీసినప్పుడు పాడుబడ్డ కోటలూ గబ్బిలాలూ వదిలేసి, పట్టపగలు నిర్మానుష్యమైన వీధినీ మామూలు మధ్యతరగతి ఇంటినీ చూపించి భయపెట్టాడు. నాకది బాగా నచ్చింది. అదే దారిలో మరికొంత దూరం పోతే ‘అనుగ్రహం’ కనిపిస్తుంది.

నా వెతుకులాటలో అసలు జవాబు దొరికింది మాత్రం బి. నర్సింగరావు ‘దాసి’లో. 1988 నాటి చిత్రం. ఒకప్పుడు దూరదర్శన్‌లో ఆదివారం మధ్యాహ్నాలు ప్రాంతీయ భాషల సినిమాలు వేసేవారు. అన్నం తిని అందరూ కునుకు తీసే వేళ అలాంటి ఒక ఆదివారమే అది చూశాను. తెలంగాణలో దొరసానితో పాటు కట్నంగా గడీకి వచ్చిన దాసి కమలాక్షి కథ. దొర వల్ల కడుపొస్తుంది. ఆ కడుపు తీయిస్తారు. ఆమె పెద్దగా మాట్లాడదు. గడీలో నీడలా తిరుగుతుంది. ఆ పాత్ర వేసిన అర్చనకు జాతీయ ఉత్తమ నటి బహుమతి వచ్చింది. దానికి ముందటి ఏడే అదే బహుమతి ఆమెకు బాలు మహేంద్ర తమిళ చిత్రం ‘వీడు’కు వచ్చింది. ఒక ఏడు తమిళానికి, మరుసటి ఏడు తెలుగుకు! మనలాంటి రెండు భాషలవాళ్లు గుర్తుపెట్టుకోవలసిన సంగతి.

ఇప్పుడు ‘చంద్రముఖి’కి వద్దాం. దాని మూలం 1993లో ఫాజిల్ మలయాళంలో తీసిన ‘మణిచిత్రతాళ్’. అందులో దెయ్యం పేరు నాగవల్లి, తంజావూరు నుంచి తెచ్చిన నర్తకి. ఆవహించినప్పుడు తమిళం మాట్లాడుతుంది. 2004లో పి. వాసు దాన్ని కన్నడంలో ‘ఆప్తమిత్ర’గా తీస్తే దెయ్యం తెలుగులో పాడింది. ఆయనే తమిళంలో తీసినప్పుడు చంద్రముఖి విజయనగరం నుంచి తెచ్చిన తెలుగు నర్తకి అయింది. ఆ తమిళ సినిమా తెలుగులోకి డబ్బింగ్ అయినప్పుడు దెయ్యం మళ్లీ తమిళంలో పాడింది. 2007లో ప్రియదర్శన్ హిందీలో ‘భూల్ భులయ్యా’ తీస్తే అక్కడ దెయ్యం బెంగాలీది.

అంటే మలయాళీలకు దెయ్యం మాట తమిళం, తమిళులకూ కన్నడిగులకూ తెలుగు, తెలుగువాళ్లకు తమిళం, హిందీవాళ్లకు బెంగాలీ. తెలుగు ఒక్కటే దెయ్యం భాష కాదన్నమాట. ఎవరికి వారికి పక్కవాడి భాషే దెయ్యం భాష. బొత్తిగా తెలియని భాషయితే నవ్వొస్తుంది. పూర్తిగా తెలిసినదైతే భయం వెయ్యదు. సగం తెలిసి సగం తెలియని పక్కింటి భాషయితేనే ఒళ్లు జలదరిస్తుంది.

అయితే ఇంతటితో ఆగిపోతే అది సగం జవాబే. ఆ కథలన్నిటిలో ఆ ఆడమనిషి ఎవరు? ఆమె ఇష్టంతో పనిలేకుండా వేరే సీమనుంచి ఒక పెద్ద ఇంటికి తీసుకొచ్చిన మనిషి. ఆమె మాట అర్థం చేసుకునేవాళ్లు ఆ మేడలో లేరు. ‘చంద్రముఖి’లో ఆమె మనసుపడ్డవాణ్ణి చంపారు, ఆమెనూ చంపారు. ‘దాసి’లో కమలాక్షి కూడా అలా తేబడిన మనిషే. ఒకామె బతికుండగానే నీడయింది, ఇంకొకామె చచ్చాక గొంతు తెచ్చుకుంది. కథ ఒకటే. నర్సింగరావు దెయ్యం లేకుండా చెప్పాడు, వాసు దెయ్యాన్ని పెట్టి చెప్పాడు. మొదటిదానికి బహుమతులొచ్చాయి, రెండోదానికి జనం వచ్చారు. మా అవ్వ ‘జగన్మోహిని’ పొయ్యిలో చూసింది కూడా ఇదే.

ఈ మాట మా మనవరాలికి ఆ రోజుల్లో చెప్పగలిగింది కొంతే. “చూడమ్మా, ఆ చంద్రముఖిని ఎక్కణ్ణుంచో తెచ్చారు. ఊరు పోయింది, వాళ్లు పోయారు, ప్రాణమూ పోయింది. నూరేళ్లు గదిలో తాళం వేశారు. అయినా తన భాష మరిచిపోలేదు. నువ్వు వీధిలోకి పోతేనే మరిచిపోతావా?” అన్నాను. పిల్ల కాసేపు ఆలోచించి, “మరి దెయ్యానికి తెలుగు చదవడం కూడా వచ్చా?” అంది.

ఆ ప్రశ్నకు నా దగ్గర రుజువుంది. 1990ల్లో ఆంధ్రలో బంధువుల ఇళ్లకు వెళ్లినప్పుడు తలుపులమీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని సుద్దముక్కతో రాసి ఉండడం చూశాను. రాత్రిపూట ఒక ఆడ దెయ్యం అయినవాళ్ల గొంతుతో పిలుస్తుందట. తలుపుమీది అక్షరాలు చదివి, రేపు రమ్మన్నారు గదా అని వెళ్లిపోతుందట. రేపూ అదే మాట చదువుతుంది. కన్నడ సీమలో ‘నాళె బా’ అని రాసేవారు. అక్కడి దెయ్యానికి కన్నడం వచ్చన్నమాట. ఇదంతా చెబితే పిల్ల పకపకా నవ్వింది. “దెయ్యానికి వచ్చిన అక్షరాలు నాకు రావా?” అని పలక తెచ్చుకుంది. ‘రేపు రా’ అన్న మూడక్షరాలతో ఆమె తెలుగు చదువు మొదలయింది. సుద్దతో మా వీధి తలుపుమీద రాస్తే, పక్కింటావిడ ఇదేమిటని అడిగింది. “దెయ్యానికి ఉత్తరం ఆంటీ” అని తమిళంలో చెప్పింది.

ఆమె తమ్ముడి సంగతి అంత తేలిగ్గా తేలలేదు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఆ ఏడు ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక్కో తరగతి పెరుగుతూ 2015-16కు పదో తరగతికి చేరింది. ఆ మొదటి జట్టులో మావాడు ఉన్నాడు. తమిళం నేర్చుకోవడం తప్పని నేనెన్నడూ అనను. ఈ గడ్డమీద బతికేవాడికి అది అన్నం పెట్టే భాష. మా ఇంట్లో అందరికీ వచ్చు. కాని బళ్లో తమిళం తప్పనిసరి అయ్యాక తెలుగు అక్షరం ఇంటి బాధ్యతగా మిగిలింది. ఇంట్లో చెప్పేవాళ్లు లేనిచోట ఆగిపోయింది. 1960 ఏప్రిల్ 1న ఎల్లలు సవరించి తిరుత్తణిని ఇటూ, సత్యవేడును అటూ ఇచ్చినప్పుడు ఊళ్లు మారాయి గాని అవ్వలు మారలేదు. ఇప్పుడు ఊళ్లు అక్కడే ఉన్నాయి, అవ్వల మాటే పోతోంది. మావాడికి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. 2019లో సూళ్లూరుపేటలో నూరడుగుల వెడల్పు తెర ఉన్న హాలు తెరిచినప్పటినుంచి తెలుగు సినిమాలకు రైలెక్కి అక్కడికే పోతుంటాడు. తెరమీద పేర్లు పడేటప్పుడు మాత్రం పక్కవాణ్ణి అడుగుతాడు. ఆనాడు హాల్లో పక్క సీటు పెద్దాయన నన్ను అడిగాడు. ఈనాడు మా మనవడే ఇంకొకణ్ణి అడుగుతున్నాడు. నాకు ‘చంద్రముఖి’కన్నా ఇదే ఎక్కువ భయంగా ఉంది.

అందుకని పాఠకులకు ఒక చిన్న మనవి. మీ ఇళ్లలో తెలుగు చదవడం రాని పిల్లలుంటే బాలశిక్షతోనే మొదలుపెట్టాలని లేదు. ముందు ‘జగన్మోహిని’ చూపించండి, కాస్త పెద్దయ్యాక ‘రాత్రి’, ఆ తర్వాత ‘అనుగ్రహం’, ‘దాసి’. చూశాక పేర్లు పడే చోటికి వెనక్కి తిప్పి అక్షరాలు కూడబలుక్కోమనండి. మీ అవ్వలు టెంటు హాళ్లలో చూసిన సినిమాల గురించి ఏమన్నారో గుర్తుంటే రాసి ఈ పత్రికకు పంపండి. నా అభిప్రాయాలు నచ్చకపోతే అదీ రాయండి. ఏ సంగతీ తెలుగులో రాస్తేనే నాకు సంతోషం.